నంబరు ఉంది.. జవాబుదారు ఎక్కడ?

కంపెనీ వాహనాల దూకుడుతో సైకిలిస్టుల బెంబేలు
చట్టంలో దారి ఉన్నా తెలిసినవారు కొందరే.. గడువు 14 రోజులే

అనకాపల్లి: ఉదయం షిఫ్టు మొదలయ్యే వేళకు కూర్మన్నపాలెం, లంకెలపాలెం కూడళ్లలో కాసేపు నిలబడితే పారిశ్రామిక ప్రాంతపు అసలు స్వరూపం కళ్లకు కడుతుంది. టిఫిను క్యారియరును హ్యాండిల్‌కు తగిలించుకుని, రోడ్డు అంచున ఉన్న తెల్లగీతను పట్టుకుని సైకిల్ తొక్కే కార్మికుడు ఒక పక్క. గేటు మూసేలోగా పనివారిని దించాలన్న ఆత్రుతలో కంపెనీ పేరు తగిలించుకున్న బస్సు మరో పక్క. వీటి నడుమ రసాయనాల ట్యాంకర్లు, బూడిద లారీలు, ఓడరేవు నుంచి వచ్చే కంటెయినర్ల ట్రెయిలర్లు. పరవాడ వైపు వెళ్లినా, అచ్యుతాపురం వైపు మళ్లినా ఇదే వరస.

బస్సు వెనుక భాగాన చాలాసార్లు ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. 'నా డ్రైవింగ్ ఎలా ఉంది? ఫోన్ చేయండి' అని ఒక సెల్‌ఫోన్ నంబరు. భుజాన్ని రాసుకుంటూ దూసుకుపోయిన వాహనం ఆ పది అంకెలను సైకిలిస్టుకు చూపించేది రెండు మూడు సెకన్లు మాత్రమే. ఆ రెండు మూడు సెకన్లలో అతడు చేయవలసిన మొదటి పని సైకిల్ మట్టిలోకి జారకుండా చూసుకోవడం. నంబరు గుర్తుపెట్టుకోవడం ఆ తరవాతి సంగతి. ఒకవేళ గుర్తుపెట్టుకుని ఫోన్ చేసినా, అవతల ఎత్తేది ఎవరు? కంపెనీవారా, వాహనాలు నడిపే గుత్తేదారా, స్టిక్కర్లు అంటించిన ఏజెన్సీయా? అది అందులో రాసి ఉండదు. ఫిర్యాదుకు రసీదు ఉండదు, దానిపై ఏం చేశారో చెప్పేవారూ ఉండరు.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలు బలిగొన్న ప్రాణాలు 1,68,491 అని కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్క. వీరిలో దాదాపు అయిదో వంతు పాదచారులే. ద్విచక్ర మోటారు వాహనాలపై ఉన్నవారు 44 శాతం పైచిలుకు. సైకిలిస్టుల వాటా వీటితో పోలిస్తే చిన్నదిగా కనిపిస్తుంది గనుక ప్రణాళికల్లోనూ వారికి చోటు చిన్నదే. అయితే చావు దాకా రానివి ఏ లెక్కకూ ఎక్కవు. తృటిలో తప్పిన ప్రమాదాలను నమోదు చేసే పుస్తకం మన ఠాణాల్లో లేదు. ప్రమాదం జరగకముందే హెచ్చరించగల సమాచారం మాత్రం సరిగ్గా అక్కడే ఉంది. ఒకే మలుపు వద్ద, ఒకే షిఫ్టు వేళ, ఒకే గుత్తేదారు బస్సులపై పది ఫిర్యాదులు వస్తే పదకొండోది మరణ వార్త కాకుండా ఆపవచ్చు.

ఇక్కడ సైకిలిస్టు అంటే ఎవరన్నదీ చూడాలి. 2011 జనగణన ప్రకారం వ్యవసాయేతర పనులకు వెళ్లేవారిలో 13.1 శాతం మంది సైకిల్‌పైనే వెళ్లేవారు. నాడు మోపెడ్, స్కూటర్, మోటారు సైకిళ్లపై వెళ్లేవారు 12.7 శాతం. ఆ తరవాత మోటారు సైకిళ్లు పెరిగిన మాట నిజమే. కానీ బండి కొనే స్తోమత లేని ఒప్పంద కార్మికులు, భవన నిర్మాణ కూలీలు, రాత్రి కాపలాదారులు నేటికీ సైకిలే నమ్ముకున్నారు. మరోవైపు వ్యాయామం కోసం ఆదివారం ఉదయం హెల్మెట్ ధరించి, దానిపై చిన్న కెమెరా బిగించుకుని వెళ్లే కొత్త తరం ఉంది. ఫిర్యాదు రాసేది, వీడియో పెట్టేది ఎక్కువగా వీరే. రోజూ ప్రాణం అరచేతిలో పెట్టుకుని వెళ్లే మొదటి వర్గానికి కెమెరా లేదు, ఠాణాకు వెళ్లి కూర్చునే తీరిక లేదు. పైగా రాసుకుంటూ వెళ్లిన ఆ బస్సు తాను పనిచేసే కంపెనీదే అయితే నోరు మెదిపే ధైర్యం ఉంటుందా? ఫిర్యాదుల సంఖ్య తక్కువ కాబట్టి సమస్యా తక్కువే అనుకునే అధికారులు ఈ తేడాను గుర్తించాలి.

దూకుడు అంటే వేగం ఒక్కటే కాదు. లెక్క వేసి చూడండి. రహదారిపై ఒక్కో వరుస వెడల్పు 3.5 మీటర్లు. బస్సుకైనా లారీకైనా కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు అనుమతించే గరిష్ఠ వెడల్పు 2.6 మీటర్లు. మిగిలేది 90 సెంటీమీటర్లు. అందులో సైకిల్ హ్యాండిల్ ఆక్రమించేదే దాదాపు 60. మిగతా 30 సెంటీమీటర్లను సైకిల్‌కు రెండు పక్కలా పంచుకోవాలన్నమాట. అంటే వరుస మారకుండా సైకిల్‌ను దాటే ప్రతి భారీ వాహనమూ రాసుకుంటూ పోతున్నట్లే లెక్క. డ్రైవరుకు అది దాటినట్లే అనిపిస్తుంది. సైకిల్‌పై ఉన్నవారికి మాత్రం ముందు గాలి తోపు, ఆ వెంటనే చక్రాల వైపు లాగే గుంజుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. గుంత తప్పించబోయి సైకిల్ ఒక్క అడుగు కుడికి జరిగితే, డ్రైవరు తేరుకుని బ్రేకుపై కాలు వేయడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకున్నా అప్పటికి బస్సు 25 మీటర్లు వచ్చేసి ఉంటుంది.

బ్రిటన్ హైవే కోడ్‌లో 2022 జనవరి నుంచి ఈ దూరాన్ని స్పష్టంగా రాశారు. గంటకు 30 మైళ్ల లోపు వేగంలో సైకిల్‌ను దాటేటప్పుడు కనీసం 1.5 మీటర్లు వదలాలి, వేగం పెరిగితే అంతకన్నా ఎక్కువ వదలాలి. అక్కడి వెస్ట్ మిడ్‌లాండ్స్ పోలీసులు 2016లోనే మరో పని చేశారు. మఫ్టీలో ఉన్న కానిస్టేబుల్‌ను సైకిల్‌పై రోడ్డెక్కించారు. రాసుకుంటూ వెళ్లిన వాహనాన్ని కాస్త ముందు ఆపి, నేలపై పరచిన పట్టాపై సైకిల్‌ను నిలబెట్టి, ఎంత దూరం వదలాలో డ్రైవరుకు కళ్లకు కట్టారు. ప్రాణాపాయంగా నడిపినవారిని కోర్టుకు పంపారు. ఖర్చు లేదు, కొత్త చట్టమూ అక్కరలేదు. మన జిల్లాలో ఒక్క ఉదయం ఇలాంటి తనిఖీ చేస్తే ఏ కంపెనీల బస్సులు ఎలా నడుస్తున్నాయో తేలిపోదా?

చట్టం ఏం చెబుతోంది?

మన మోటారు వాహనాల చట్టం ఈ విషయంలో అనుకున్నంత బలహీనమైనదేమీ కాదు. ప్రమాదకరంగా నడపడాన్ని 184వ సెక్షన్ నేరంగా పరిగణిస్తుంది. 2019 సవరణ ప్రకారం మొదటిసారి నేరానికి ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే రెండేళ్ల దాకా జైలు లేదా పది వేల జరిమానా. ఎర్రదీపం దాటడం, నడుపుతూ చేతిలో ఫోన్ పట్టుకోవడం, ఎదురు దిశలో రావడంతోపాటు చట్టానికి విరుద్ధంగా ఇతర వాహనాలను దాటడమూ ఆ సెక్షన్ వివరణలో ఉంది. సైకిలిస్టుకు ఉపయోగపడేది ఈ చివరిదే.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. 'బస్సు చాలా వేగంగా వచ్చింది' అని మాత్రమే ఫిర్యాదులో రాస్తారు. వేగానికి సంబంధించిన 183వ సెక్షన్ కింద ఒక్క సాక్షి అభిప్రాయంపై శిక్ష వేయడానికి వీల్లేదు. ఆ అంచనాకు ఏదో ఒక యంత్రం లేదా ఎలక్ట్రానిక్ పరికరం ఆధారంగా ఉండాలి. కాబట్టి అలాంటి ఫిర్యాదు మొదటి మెట్టు మీదే కూలిపోతుంది. అదే బస్సు ఎంత దగ్గరగా వచ్చింది, ఎటు నుంచి దాటింది, ఎదురుగా ఏ వాహనం ఉంది, తాను రోడ్డు దిగవలసి వచ్చిందా అన్నది రాస్తే 184 కింద నిలబడే అవకాశం ఉంటుంది. భారతీయ న్యాయ సంహితలోని 281వ సెక్షన్ కూడా నిర్లక్ష్యపు డ్రైవింగ్‌కు వర్తిస్తుంది. దీనికి ఎవరో ఒకరు గాయపడి తీరాలన్న నియమం లేదు. ప్రాణాపాయం కలిగేలా నడిపితే చాలు.

అసలు చిక్కు గడువుతోనే. 183, 184 సెక్షన్ల కేసుల్లో నేరం జరిగిన చోటే డ్రైవరును హెచ్చరించి ఉండాలి. అలా జరగకపోతే 14 రోజుల్లోగా డ్రైవరుకో, రిజిస్టర్డ్ యజమానికో నోటీసు పంపాలి. అదీ కాకుంటే 28 రోజుల్లోగా సమన్లు అందాలి. చట్టంలోని 209వ సెక్షన్ ఈ షరతులు విధించింది. ఎంత ప్రయత్నించినా పేరు, చిరునామా తెలియకపోవడం వంటి కొన్ని సందర్భాల్లోనే మినహాయింపు. ఫిర్యాదుదారు వారం రోజులు తటపటాయించి, ఠాణాలో మరో వారం కాగితం బల్లపై నానితే కేసు పుట్టకముందే ప్రాణం వదిలినట్లే. అందరూ తెలుసుకోవలసిన నిబంధన ఇది, ఎవరూ చెప్పని నిబంధన కూడా ఇదే.

ఇక డ్రైవరు ఎవరో తెలియదనే సాకు. అధీకృత పోలీసు అధికారి అడిగినప్పుడు డ్రైవరు పేరు, చిరునామా, లైసెన్సు వివరాలు చెప్పడం 133వ సెక్షన్ ప్రకారం వాహన యజమాని విధి. చెప్పకపోతే అది వేరే నేరం. సైకిలిస్టు డ్రైవరు ముఖాన్ని గుర్తుపట్టనక్కరలేదు. నంబరు ప్లేటు, తేదీ, సమయం, స్థలం ఇస్తే చాలు, మిగతాది యజమాని నుంచి రాబట్టవలసింది పోలీసులే. బ్రిటన్‌లో ఇదే తరహా నిబంధనను కంపెనీలపై ఇంకా బిగించారు. 'ఆ రోజు ఎవరు నడిపారో మా దగ్గర రికార్డు లేదు' అని కంపెనీ చెబితే సరిపోదు. రికార్డు ఉంచకపోవడం సమంజసమేనని కూడా నిరూపించుకోవాలి. మన దగ్గర డ్రైవర్ల హాజరు పట్టీ సాయంత్రానికే మారిపోయే చోట్లు లేవని చెప్పగలమా?

కంపెనీ పేరు.. గుత్తేదారు బండి

స్టిక్కర్ ఒకరిది, వాహనం మరొకరిది, డ్రైవరు ఇంకొకరి మనిషి. పారిశ్రామిక ప్రాంతంలో ఇదే మామూలు. రిజిస్ట్రేషన్ గుత్తేదారు పేరిట ఉంటుంది గనుక తమకు సంబంధం లేదని కంపెనీ చేతులు దులుపుకొంటుంది. న్యాయస్థానాలు మాత్రం ఈ వాదనను అన్నిసార్లూ అంగీకరించలేదు. రాజస్థాన్ రోడ్డు రవాణా సంస్థ అద్దెకు తీసుకున్న బస్సు ప్రమాదానికి గురైన కేసులో సుప్రీంకోర్టు 1997లో కీలక తీర్పు ఇచ్చింది. డ్రైవరుకు జీతం ఇచ్చేది బస్సు యజమానే అయినా, అతడిపై నియంత్రణ, ఆదేశాలు అద్దెకు తీసుకున్న సంస్థవే అయినప్పుడు పరిహారం బాధ్యత నుంచి ఆ సంస్థ తప్పించుకోలేదని తేల్చింది. అది పరిహారానికి సంబంధించిన తీర్పు, శిక్షకు సంబంధించినది కాదు. అయినా ఏ దారిలో వెళ్లాలి, ఎన్ని గంటలకు గేటు చేరాలి అన్నది కంపెనీయే నిర్ణయిస్తున్నప్పుడు ఈ సూత్రాన్ని యాజమాన్యాలు గుర్తుంచుకుంటే మంచిది.

ఇంతకన్నా పదునైన నిబంధన 183వ సెక్షన్ చివర దాగి ఉంది. వేగ పరిమితి మీరకుండా చేరడం సాధ్యం కాని రీతిలో ఎవరైనా టైంటేబుల్ ప్రకటించినా, ఫలానా సమయంలోగా ప్రయాణం ముగించాలని ఆదేశించినా, అలా ఆదేశించిన వ్యక్తే నేరం చేశాడనడానికి అది ప్రాథమిక సాక్ష్యం అవుతుంది. డ్రైవరును తొందరపెట్టిన యజమాని కూడా శిక్షార్హుడేనని దీని భావం. నేరం చేసింది కంపెనీ అయితే బాధ్యత వహించవలసినవారెవరో 199వ సెక్షన్ చెబుతుంది. పరవాడ, అచ్యుతాపురం వైపు నడిచే బస్సుల టైంటేబుళ్లను తెప్పించుకుని, దూరాన్ని సమయంతో భాగించి చూడటానికి రవాణా శాఖకు ఒక్క పూట చాలు. లెక్క కుదరని చోట నోటీసు వెళ్లవలసింది డ్రైవరుకు కాదు.

సైకిలిస్టుల కోపం న్యాయమైనదే. కానీ ఫిర్యాదుతో మొదట వేటు పడేది అందరికన్నా కింద ఉన్న డ్రైవరుపైనే. నంబరు చూసి ఫోన్ చేస్తే, గుత్తేదారు ఆ డ్రైవరును మాన్పించి మర్నాడు మరొకరిని పెడతాడు. కొత్త డ్రైవరుకు కూడా అదే టైంటేబుల్, అదే ట్రిప్పుల లెక్క. రాత్రి షిఫ్టువారిని ఇళ్లకు దించి, తిరిగి ఉదయం షిఫ్టువారిని ఎక్కించుకునే డ్రైవరుకు నిద్ర ఎప్పుడు? మోటారు రవాణా కార్మికులకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని పరిమితిని 1961 చట్టమే విధించింది. ఆ చట్టం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. ఎనిమిది గంటల సూత్రం కొత్త కోడ్‌లోనూ ఉంది. సైకిలిస్టు ఫిర్యాదు అందినప్పుడు ఆ డ్రైవరు అంతకుముందు ఎన్ని గంటలుగా స్టీరింగ్ పట్టుకుని ఉన్నాడో అడిగే అలవాటు పోలీసులకు గానీ కార్మిక శాఖకు గానీ ఉంటే కథ వేరుగా ఉండేది. డ్రైవరును తప్పించడం వల్ల రోడ్డు మారదు.

ఫొటోకు చిక్కని నేరం

పౌరులే ఉల్లంఘనలను నమోదు చేసి పంపే పద్ధతి మన దేశానికి కొత్త కాదు. బెంగళూరులో 2015లో 'పబ్లిక్ ఐ' యాప్ వచ్చింది. అదే ఏడాది ఢిల్లీ ట్రాఫిక్ పోలీసులు తెచ్చిన యాప్ 2024లో 'ట్రాఫిక్ ప్రహరి' పేరిట నగదు బహుమతులతో మళ్లీ ముందుకు వచ్చింది. హైదరాబాద్‌లోనూ పౌరులు పంపిన ఫొటోలపై చలాన్లు రాయడం చాలా కాలంగా ఉన్నదే. అయితే వీటిలో సులువుగా నిలిచేవి ఒక్క ఫొటోకు చిక్కేవి. హెల్మెట్ లేకపోవడం, ముగ్గురు ఎక్కడం, అడ్డదిడ్డంగా ఆపడం వంటివి. సైకిల్‌ను రాసుకుంటూ పోవడం ఫొటోకు చిక్కదు. అందుకు వీడియో కావాలి, దాన్ని కూర్చుని చూసే మనిషి కావాలి. 2021లో కేంద్రం తెచ్చిన ఎలక్ట్రానిక్ నిఘా నిబంధనలు కూడా ధ్రువీకరణ పొందిన పోలీసు కెమెరాలు, స్పీడ్ గన్లను ఉద్దేశించినవే. హెల్మెట్ కెమెరాలో పడిన దృశ్యం ఆ కోవలోకి రాదు. అది చలానాకు కాదు, కేసుకు సాక్ష్యం.

వేల్స్‌లో పోలీసులు ఈ ముడిని 'ఆపరేషన్ స్నాప్' పేరుతో విప్పారు. 2016లో ఉత్తర వేల్స్‌లో మొదలై ఆ తరవాత వేల్స్ అంతటికీ విస్తరించింది. వీడియోను వెబ్‌సైట్‌లో సమర్పించి, దానితోపాటే సాక్షి వాంగ్మూలాన్ని ఒక నమూనాలో నింపాలి. దాన్ని చూసేందుకు ప్రత్యేక సిబ్బంది ఉంటారు. నోటీసుకు అక్కడా 14 రోజుల గడువే కాబట్టి ఎన్ని రోజుల్లోగా పంపాలో ముందే చెబుతారు. మన 209వ సెక్షన్‌కూ ఆ చట్టానికీ పోలిక కాకతాళీయం కాదు. గడువును వారి నుంచి తెచ్చుకున్నాం. గడువులోగా పని పూర్తిచేసే ఏర్పాటును మాత్రం తెచ్చుకోలేదు. లండన్ నగరం మరో అడుగు వేసి, 12 టన్నులకు మించిన లారీల డ్రైవరు సీటు నుంచి పక్కనున్న సైకిలిస్టు ఎంత మేరకు కనిపిస్తాడో కొలిచి నక్షత్రాలు ఇస్తోంది. చాలినంత కనిపించని లారీకి అదనపు భద్రతా పరికరాలు ఉంటే తప్ప 2021 నుంచి అనుమతి లేదు. 2024 అక్టోబరులో ఆ ప్రమాణాన్ని మరింత పెంచారు.

ఇక్కడ ఫిర్యాదు చేయదలచినవారు ఎదుర్కొనే మరో ఇబ్బంది సరిహద్దులది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో కూర్మన్నపాలెం విశాఖ జిల్లాలో ఉండిపోగా, లంకెలపాలెం, పరవాడ అనకాపల్లి జిల్లాలోకి వచ్చాయి. ఒకే బస్సు, ఒకే దారి, ఇద్దరు పోలీసు అధిపతులు. 'అది మా పరిధి కాదు' అన్న మాట వినడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, కేసు పెట్టదగిన నేర సమాచారాన్ని పరిధితో నిమిత్తం లేకుండా ఏ ఠాణాలోనైనా ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ రూపంలో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. వీడియో ఉంటే అసలు ఫైలును కత్తిరించకుండా, పాట కలపకుండా అలాగే ఉంచాలి. కోర్టులో దానికి సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం అవసరమవుతుంది. ముందుగా సామాజిక మాధ్యమంలో పెట్టి, వేలమంది చూశాక పోలీసుల వద్దకు వెళ్లడం కేసుకు మేలు చేసే పని కాదు.

కెమెరా లేనివారి మాటేమిటి? ఇద్దరు కలిసి వెళ్లేటప్పుడు రెండోవారు సాక్షి. ఇంటికి చేరగానే వాహనం నంబరు, సమయం, కిలోమీటరు రాయి లేదా దగ్గర్లోని దుకాణం పేరు ఒక కాగితంపై రాసుకున్నా విలువ ఉంటుంది. కార్మిక సంఘాలు వేతనాల వినతిపత్రంతోపాటు ఇలాంటి కాగితాలను నెలనెలా పోగుచేసి ఇవ్వడం మొదలుపెడితే, పేరు బయటపడుతుందన్న భయం ఒక్కో కార్మికుడికి ఉండదు. ఉద్యోగం పోతుందన్న బెంగతో మౌనంగా ఉన్నవారి గొంతు వినిపించడానికి ఇంతకన్నా సులువైన దారి కనిపించడం లేదు.

కంపెనీలకు కూడా పరికరాల కొరత లేదు. రవాణా వాహనాలకు గంటకు 80 కిలోమీటర్లు, ట్యాంకర్లు, డంపర్లు, ప్రమాదకర సరకు వాహనాలకు 60 కిలోమీటర్లు మించకుండా వేగ నియంత్రణ పరికరం ఉండాలని 2015లోనే కేంద్రం నిర్దేశించింది. ప్రయాణికుల రవాణా వాహనాల్లో 2019 జనవరి నుంచి రిజిస్టరయ్యేవాటికి స్థానాన్ని చూపే పరికరం తప్పనిసరి. బస్సు ఎక్కడుందో, ఎంత వేగంతో వెళ్లిందో నిమిషం నిమిషం తెలిసే కంపెనీకి, ఫలానా ఉదయం 6 గంటల 10 నిమిషాలకు లంకెలపాలెం వద్ద ఏం జరిగిందో తెలుసుకోవడం పెద్ద పనేమీ కాదు. ఆలస్యమైన బస్సును పట్టుకోవడానికి వాడే తెరనే దూకుడుగా వెళ్లిన బస్సును పట్టుకోవడానికీ వాడవచ్చు.

కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా రహదారి భద్రతా కమిటీ సమావేశాల్లో మలుపులు, వేగ నిరోధకాలు, దీపాల ప్రస్తావన వస్తూనే ఉంటుంది. కంపెనీ వాహనాలపై అందిన ఫిర్యాదులెన్ని, వాటిలో 14 రోజుల్లోగా నోటీసు వెళ్లినవెన్ని, ఏ గుత్తేదారు పేరు ఎన్నిసార్లు వచ్చింది అన్న మూడు ప్రశ్నలను ఆ సమావేశ పట్టికలో చేర్చడానికి ప్రభుత్వ ఉత్తర్వు ఏదీ అవసరం లేదు. విశాఖ నగర పోలీసులు, అనకాపల్లి జిల్లా పోలీసులు, రవాణా, కార్మిక, కర్మాగారాల శాఖలు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటే సరిపోతుంది.